చదివినవెన్ని, ఇచ్చినవెన్ని: వెబ్‌సైట్ డేటాబేస్ మందగించే తీరు

పత్రికలు, విద్యాసంస్థలు, దుకాణాలు నడిపే వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం నేడు విషయ నిర్వహణ వ్యవస్థల మీద ఆధారపడి ఉన్నాయి. ప్రోగ్రామింగ్ తెలియని సంపాదకుడు కూడా వ్యాసాలను, చిత్రాలను, ధరలను తానే చేర్చుకోవడానికి, మార్చుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌నే విషయ నిర్వహణ వ్యవస్థ అంటారు. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి 2003 మే 27న విడుదల చేసిన వర్డ్‌ప్రెస్ వీటిలో అన్నిటికన్నా విస్తారంగా వాడుకలో ఉంది. ఇలాంటి సైటు తొలినాళ్లలో చురుగ్గా తెరుచుకుని, వ్యాసాలు వేలల్లోకి, పాఠకులు లక్షల్లోకి చేరేసరికి మందగించడం తరచుగా కనిపించే సమస్య. అప్పుడు నిర్వాహకులు మొదట చేసే పని మరింత పెద్ద సర్వర్‌ను అద్దెకు తీసుకోవడం. కొన్నాళ్లు ఊరట కలిగినా, సమాచారం పెరిగేకొద్దీ మందగమనం మళ్లీ తలెత్తుతుంది. చాలా సందర్భాలలో లోపం యంత్రం శక్తిలో ఉండదు. పది వరుసల సమాధానం కోసం లక్షల వరుసలు చదివించే ప్రశ్నలలో ఉంటుంది. అటువంటి ప్రశ్నలను ఊహతో కాక కొలతతో పట్టుకోవచ్చు, పట్టుకున్నవాటిలో చాలావాటిని పెద్ద ఖర్చు లేకుండానే సరిదిద్దవచ్చు.

ఈ శ్రమ ఎంత అవసరమో చెప్పడానికి మనిషి ఓపికకు ఉన్న హద్దులే కొలమానం. కంప్యూటర్ వాడకాన్ని పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లో అంతకుముందరి అధ్యయనాల ఆధారంగా మూడు హద్దులను వివరించాడు. సెకనులో పదో వంతులోపు వచ్చిన స్పందన వాడుకరికి తక్షణమే వచ్చినట్లు అనిపిస్తుంది. ఒక సెకను దాకా ఆలస్యాన్ని అతడు గమనించినా ఆలోచన తెగిపోదు. పది సెకన్లు దాటితే ధ్యాస పూర్తిగా మరో పని మీదికి మళ్లుతుంది. పరీక్ష ఫలితాల కోసమో, తుపాను హెచ్చరిక కోసమో వచ్చిన పాఠకుడి ముందు తెల్లటి తెర నిలిచిపోతే, ఆ సమాచారం ఉండవలసిన చోట ఉన్నా అతనికి లేనట్లే.

పుట తయారయ్యే క్రమం

వర్డ్‌ప్రెస్ సైటులో పాఠకుడు చూసే పుట సాధారణంగా సిద్ధంగా ఎక్కడా ఉండదు. అతడు లంకెను నొక్కగానే వెబ్ సర్వర్ ఆ కోరికను పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ప్రోగ్రాముకు అందిస్తుంది. ఆ ప్రోగ్రాము మైఎస్‌క్యూఎల్‌ను గానీ, దాని నుంచి 2009లో చీలివచ్చిన మరియాడీబీని గానీ వరుసగా ప్రశ్నలు అడిగి, వచ్చిన సమాధానాలను కూర్చి పుటను నిర్మిస్తుంది. డేటాబేస్‌ను అడిగే ఇలాంటి ప్రశ్ననే క్వెరీ అంటారు. వర్డ్‌ప్రెస్‌ను కొత్తగా స్థాపించినప్పుడు ఏర్పడే పట్టికలు 12 మాత్రమే. వ్యాసాలు పోస్ట్స్ అనే పట్టికలో, వాటికి సంబంధించిన అదనపు వివరాలు పోస్ట్‌మెటాలో, సైటు అమరికలు ఆప్షన్స్‌లో, వర్గాలు, వాడుకరులు, వ్యాఖ్యలు మిగిలిన పట్టికలలో ఉంటాయి. మామూలు పుటకు కొన్ని పదుల క్వెరీలు సరిపోతాయి గానీ, అదనపు సౌకర్యాల కోసం చేర్చుకునే ప్లగిన్లు పెరిగేకొద్దీ ఆ సంఖ్య వందల్లోకి చేరుతుంది.

క్వెరీ రాసేవాడు తనకు ఏమి కావాలో మాత్రమే చెబుతాడు. దానిని ఎలా తేవాలో చెప్పడు. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాకు ఈ విభజనే ప్రాణం. ఎలా తేవాలన్న నిర్ణయం ఆప్టిమైజర్ అనే భాగానిది. ఐబీఎంలోనే పట్రీషియా సెలింజర్ బృందం 1979లో ప్రచురించిన పద్ధతి నుంచి ఎదిగిన ఈ భాగం, సాధ్యమైన మార్గాలకు ఖర్చు అంచనా కట్టి, తక్కువ ఖర్చుదని తోచిన దానిని ఎంచుకుంటుంది. అంచనా మంచిదైనా నడవడానికి దారి ఉండాలి. ఆ దారినే ఇండెక్స్ అంటారు.

ఇండెక్స్ ఎందుకు కీలకం

ఇండెక్స్ స్వభావాన్ని నిఘంటువుతో పోల్చి గ్రహించవచ్చు. మాటలు అక్షరక్రమంలో ఉన్నందువల్ల ‘కలువ’ అన్న మాటను వేల పుటల మధ్యనైనా కొద్ది క్షణాల్లో చేరుకోవచ్చు. కానీ ‘వ’తో ముగిసే మాటలన్నీ కావాలంటే ఆ క్రమం ఎందుకూ పనికిరాదు, మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగవేయవలసిందే. డేటాబేస్‌లోనూ ఇంతే: ఏ కాలమ్ విలువలను క్రమంలో అమర్చి ఇండెక్స్ కట్టారో, ఆ విలువ మొదటి నుంచి తెలిసినప్పుడే వెతుకులాట వేగంగా సాగుతుంది.

ఈ క్రమాన్ని నిలిపి ఉంచే నిర్మాణం బీ-ట్రీ. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీనిని రూపొందించారు. వారి పత్రం 1972లో అచ్చయింది. మైఎస్‌క్యూఎల్‌లో సమాచారాన్ని నిల్వచేసే ఇన్నోడీబీ అనే భాగం దీని మెరుగైన రూపాన్ని వాడుతూ, సమాచారాన్ని 16 కిలోబైట్ల పేజీలుగా విభజిస్తుంది. ఒక్కో పేజీ నుంచి వందల శాఖలు చీలగలవు కనుక, లక్షల వరుసలున్న పట్టికలో కూడా మూడు నాలుగు పేజీలు చదివితే కోరిన వరుస దొరుకుతుంది. ఇండెక్స్ లేని చోట పట్టికలోని పేజీలన్నీ చదవాలి. తరచుగా అవసరమయ్యే పేజీలను ఇన్నోడీబీ బఫర్ పూల్ అనే జ్ఞాపక భాగంలో ఉంచుకుంటుంది. దాని పరిమాణం ఎవరూ మార్చకపోతే 128 మెగాబైట్లే. అందుకే ఎన్నో గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుని ఈ అమరికను ముట్టుకోని నిర్వాహకుడు, తాను డబ్బు చెల్లిస్తున్న శక్తిలో అధిక భాగాన్ని డేటాబేస్‌కు అందించనట్లే అవుతుంది.

వర్డ్‌ప్రెస్ రూపకర్తలు ముఖ్యమైన ఇండెక్స్‌లను ముందే కట్టి ఉంచారు. పోస్ట్స్ పట్టికలో రకం, స్థితి, తేదీ అనే క్రమంలో ఒక ఉమ్మడి ఇండెక్స్ ఉన్నందువల్ల, ప్రచురితమైన తాజా వ్యాసాలను తెచ్చే క్వెరీ లక్ష వ్యాసాలున్న సైటులోనూ వేగంగానే నడుస్తుంది. సైటు ఎదిగి, ఆ తొలి ఇండెక్స్‌లు ఊహించని ప్రశ్నలు అడగడం మొదలైనప్పుడే ఇబ్బంది పుడుతుంది.

ముందు కొలత, తరువాతే మార్పు

ఆలస్యమంతా డేటాబేస్ వల్లనే అని మొదటే తీర్మానించడం తగదు. పెద్ద చిత్రాలు, బరువైన స్క్రిప్టులు, బయటి సర్వర్ల కోసం ఎదురుచూపు కూడా పుటను ఆలస్యం చేస్తాయి. బ్రౌజర్‌లోనే ఉండే పరిశీలన పరికరాలతో సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి పట్టిన సమయాన్ని చూస్తే, ఆలస్యం సర్వర్ లోపలిదా, ఆ తరువాతిదా అన్నది విడిపోతుంది. సర్వర్ లోపలిదేనని తేలితే, క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్ ఒక్కో పుటకు ఎన్ని క్వెరీలు నడిచాయో, ఒక్కొక్కదానికి ఎంత సమయం పట్టిందో, దానిని ఏ ప్లగిన్ పంపిందో, లేక సైటు రూపురేఖలను నిర్ణయించే థీమ్ పంపిందో చూపిస్తుంది. క్వెరీలన్నిటికీ కలిపి పట్టిన సమయం స్వల్పమైతే లోపాన్ని పీహెచ్‌పీ కోడ్‌లో గానీ బయటి సేవలలో గానీ వెతకాలి.

ఒక పుటను కాక సైటు మొత్తాన్ని పరిశీలించడానికి మైఎస్‌క్యూఎల్‌లోనే స్లో క్వెరీ లాగ్ అనే నమోదు పుస్తకం ఉంది. నిర్ణీత సమయాన్ని మించిన ప్రతి క్వెరీనీ అది రాసిపెడుతుంది. అయితే మొదట్లో ఇది ఆపివేసి ఉంటుంది, పైగా దాని హద్దు 10 సెకన్లు. అందువల్ల దీనిని ప్రారంభించి, హద్దును 1 సెకనుకో అర సెకనుకో తగ్గించినప్పుడే ఉపయోగం. ఈ లాగ్‌లో ప్రతి క్వెరీ పక్కన సమయంతో పాటు రెండు సంఖ్యలు ఉంటాయి: సమాధానంగా పంపిన వరుసలు, సమాధానం కోసం పరిశీలించిన వరుసలు. మొత్తం పరిశీలనలో ఇంతకన్నా విలువైన ఆధారం మరొకటి లేదు. సమయం సర్వర్ మీది రద్దీని బట్టి మారుతుంది. ఈ నిష్పత్తి మాత్రం క్వెరీ స్వభావాన్నే చెబుతుంది. పది వరుసలు పంపడానికి ఇరవై వరుసలు చదివిన క్వెరీ ఆరోగ్యకరమైనది. అదే పది వరుసల కోసం 8 లక్షల వరుసలు చదివినది నేడు సహించదగినంత వేగంగా నడిచినా రేపు ఆగిపోతుంది.

లాగ్‌ను చదివేటప్పుడు ఒక్కో క్వెరీ ఎంతసేపు నడిచిందన్నది మాత్రమే కాక, రోజంతటిలో అన్నిసార్లూ కలిపి ఎంత సమయం తీసుకుందన్నది కూడా చూడాలి. రాత్రివేళ ఒక్కసారి 8 సెకన్లు నడిచే నివేదిక కన్నా, సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే నడుస్తూ రోజుకు లక్ష సార్లు వచ్చే క్వెరీ ఎంతో బరువైనది. దాని మొత్తం 5,000 సెకన్లు. పెర్కోనా టూల్‌కిట్‌లోని ఉచిత పరికరం ఒకటి ఒకే రూపం గల క్వెరీలను కలిపి, మొత్తం భారాన్ని బట్టి వరుస పెట్టి ఇస్తుంది కాబట్టి, ఏది ముందు సరిదిద్దాలో తేలికగా తెలుస్తుంది.

అనుమానిత క్వెరీ చేతికి చిక్కాక, దాని ముందు ఎక్స్‌ప్లెయిన్ అనే మాటను చేర్చి పంపితే ఆప్టిమైజర్ ఎంచుకున్న మార్గం బయటపడుతుంది. రకం అనే కాలమ్‌లో ఆల్ అని ఉంటే పట్టిక మొత్తాన్ని చదువుతున్నదని అర్థం. కీ అనే చోట ఖాళీ ఉంటే ఏ ఇండెక్స్‌నూ వాడడం లేదని అర్థం. ఫైల్‌సార్ట్ అన్న సూచన కనిపిస్తే సమాధానాన్ని విడిగా క్రమపరచవలసి వస్తున్నదని అర్థం. ఇందులో కనిపించే వరుసల సంఖ్య కొన్ని పేజీలను మచ్చుకు చూసి కట్టిన అంచనా మాత్రమే. ఆ అంచనా వాస్తవానికి దూరమైందని తోస్తే ఎనలైజ్ టేబుల్ అనే ఆదేశంతో గణాంకాలను తాజా చేయాలి. మైఎస్‌క్యూఎల్ 8.0.18 నుంచి ఉన్న ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అసలు లెక్కలను చూపుతుంది. అయితే అది క్వెరీని నిజంగా నడుపుతుంది కాబట్టి రద్దీ వేళ వాడరాదు.

లోపం ఎక్కువగా దాగే చోట్లు

వర్డ్‌ప్రెస్‌లో ముందుగా పరిశీలించవలసినది పోస్ట్‌మెటా పట్టిక. ఏ వ్యాసానికైనా, ఏ వస్తువుకైనా ఎన్ని వివరాలైనా చేర్చే స్వేచ్ఛ ఇవ్వడానికి, ఒక్కో వివరాన్ని ఒక్కో వరుసగా రాసే పద్ధతిని ఇందులో అనుసరించారు. వరుసలో వ్యాసం సంఖ్య, వివరం పేరు, వివరం విలువ ఉంటాయి. పదివేల వస్తువులకు ఇరవై చొప్పున వివరాలుంటే ఈ పట్టికలో రెండు లక్షల వరుసలు చేరతాయి. వ్యాసం సంఖ్యకూ వివరం పేరుకూ ఇండెక్స్‌లున్నాయి గానీ విలువకు లేదు. ఆ విలువలన్నీ, అంకెలైనా సరే, పాఠంగానే నిల్వ ఉంటాయి. అందువల్ల ‘ధర 500 లోపు, రంగు ఎరుపు, నిల్వ ఉన్నవి’ అని కొనుగోలుదారు కోరితే, ఒక్కో షరతుకు పోస్ట్‌మెటాను మరొకసారి జతచేసి, పాఠాన్ని అంకెగా మార్చి పోల్చవలసి వస్తుంది. షరతులు పెరిగేకొద్దీ చదవవలసిన వరుసలు విపరీతంగా పెరుగుతాయి.

ఇది నిర్మాణంలోనే ఉన్న ఇబ్బంది కనుక పరిష్కారం కూడా నిర్మాణంలోనే ఉంది. తరచుగా వెతికే, క్రమపరిచే వివరాలకు సరైన రకం గల కాలమ్‌లతో, తగిన ఇండెక్స్‌లతో ప్రత్యేక పట్టికను ఏర్పరచాలి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే దుకాణాల సాఫ్ట్‌వేర్ వూకామర్స్ చివరికి ఈ దారినే పట్టింది. ఎన్నో ఏళ్లపాటు కొనుగోలు ఆర్డర్లను వ్యాసాల పట్టికలోనే ఉంచిన ఆ సాఫ్ట్‌వేర్, 2023లో వచ్చిన 8.2 నుంచి కొత్త దుకాణాలన్నిటికీ ఆర్డర్ల కోసం విడి పట్టికలను వాడుతున్నది.

పోస్ట్‌మెటాలో వివరం పేరు మీద ఉన్న ఇండెక్స్ మొదటి 191 అక్షరాలకే పరిమితం. దీని వెనుక ఒక కారణం ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లను, ఎమోజీ 4 బైట్లను ఆక్రమిస్తాయి. వర్డ్‌ప్రెస్ 2015లో 4.2 విడుదలతో 4 బైట్ల సంకేతాలను కూడా స్వీకరించింది. అప్పటి ఇన్నోడీబీలో ఇండెక్స్ కీకి 767 బైట్ల హద్దు ఉండేది. 191ని 4తో గుణిస్తే వచ్చే 764 ఆ హద్దుకు లోబడుతుంది.

రెండవ చోటు ఆప్షన్స్ పట్టిక. సైటు అమరికలలో ఆటోలోడ్ అన్న గుర్తు ఉన్నవాటినన్నిటినీ వర్డ్‌ప్రెస్ ప్రతి పుటకూ ఒకే క్వెరీతో ముందే తెచ్చుకుంటుంది. చిన్న అమరికల విషయంలో ఇది తెలివైన ఏర్పాటే. కానీ తొలగించిన ప్లగిన్లు వదిలిపోయిన అమరికలు, పెద్ద పెద్ద జాబితాలు అందులో పేరుకుంటే ప్రతి పాఠకుడి కోసమూ ఆ బరువంతా మోయవలసి వస్తుంది. ఇది 3 మెగాబైట్లకు చేరిన సైటుకు సెకనుకు 20 కోరికలు వస్తే, ఒక్క ఈ క్వెరీ వల్లనే సెకనుకు 60 మెగాబైట్లు కదులుతాయి. వర్డ్‌ప్రెస్ 2024లో తెచ్చిన 6.6 నుంచి ఆటోలోడ్ మొత్తం 800 కిలోబైట్ల స్థాయి దాటినప్పుడు సైట్ హెల్త్ అనే విభాగంలో హెచ్చరిక కనిపిస్తుంది. అందులోని అతి పెద్ద అమరికలను పరిమాణం వారీగా చూసి, వాడుకలో లేనివాటికి ఆ గుర్తును తీసివేస్తే చాలు.

మూడవది వెతుకులాట. వర్డ్‌ప్రెస్ సహజంగా ఇచ్చే వెతుకు సౌకర్యం, కోరిన మాట శీర్షికలో, సారాంశంలో, పాఠంలో ఎక్కడ ఉన్నా పట్టుకునేలా ముందూ వెనుకా ఏ అక్షరాలున్నా అంగీకరించే లైక్ షరతును వాడుతుంది. మొదటి అక్షరం ఏమిటో తెలియని వెతుకులాట కాబట్టి ఏ ఇండెక్సూ దీనికి అక్కరకు రాదు. మాటల వారీగా కట్టే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ దీనికి ప్రత్యామ్నాయమే గానీ, తెలుగు సైట్లకు అది యథాతథంగా సరిపోదు. తెలుగులో విభక్తి ప్రత్యయాలు నామానికే అతుక్కుంటాయి కాబట్టి ‘విజయవాడ’, ‘విజయవాడలో’, ‘విజయవాడకు’, ‘విజయవాడనుంచి’ అనేవి ఆ ఇండెక్స్ దృష్టిలో వేర్వేరు మాటలు. అందువల్ల మాట మొదటి భాగంతో వెతికే పద్ధతినైనా వాడాలి, లేదా ప్రత్యయాలను విడదీసే విశ్లేషకం గల ప్రత్యేక శోధన వ్యవస్థకైనా మారాలి. ల్యూసీన్ అనే స్వేచ్ఛా శోధన సాఫ్ట్‌వేర్‌లో 9వ తరం నుంచి తెలుగుకు అటువంటి విశ్లేషకం లభిస్తున్నది. వేల సంచికల పాత వ్యాసాలను భద్రపరిచిన తెలుగు పత్రికలకు ఇది వేగం విషయంలోనే కాక పాఠకుడికి సరైన ఫలితం దొరకడంలోనూ మేలు చేస్తుంది.

మిగిలిన కారణాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. యాభై వ్యాసాల జాబితాను ఒక క్వెరీతో తెచ్చి, ఒక్కో వ్యాసం వివరానికి మళ్లీ ఒక్కో క్వెరీ పంపే కోడ్ ఉంటే, ఏ ఒక్క క్వెరీ నెమ్మదిగా లేకున్నా పుట నెమ్మదిస్తుంది. వివరాలన్నిటినీ ఒకేసారి తెప్పించడమే దీనికి విరుగుడు. పాత వ్యాసాల జాబితాలో 5,001వ పుటను కోరితే, ముందరి 50,000 వరుసలను లెక్కించి వదిలివేసిన తరువాతే డేటాబేస్ పది వరుసలను ఇస్తుంది. ఇన్నోడీబీ 2010లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5తో సహజ అమరిక అయింది కాబట్టి, అంతకు పూర్వపు సైట్లలో కొన్ని పట్టికలు ఇంకా మైఐశామ్ అనే పాత పద్ధతిలో ఉండే అవకాశం ఉంది. అందులో ఒకరు రాస్తున్నప్పుడు పట్టిక మొత్తం తాళం పడి, మిగిలినవారు ఆగవలసి వస్తుంది.

మందగమనం స్తంభనగా మారే వేళ

నెమ్మదిగానైనా నడుస్తున్న సైటు రద్దీ వేళ ఒక్కసారిగా నిలిచిపోవడానికి కారణం జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంలో ఉంది. ఒక వ్యవస్థలో ఏ క్షణాన సగటున ఎందరు ఉంటారన్నది, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 20 కోరికలు వస్తూ, ఒక్కొక్కటి 0.3 సెకన్లలో ముగిస్తే, ఏ క్షణాన చూసినా 6 కోరికలే పనిలో ఉంటాయి. అదే కోరికకు 8 సెకన్లు పడితే ఆ సంఖ్య 160 అవుతుంది. మైఎస్‌క్యూఎల్ సహజంగా అనుమతించే అనుసంధానాలు 151 మాత్రమే; ఆ హద్దు దాటగానే, అంతకన్నా ముందే ఏకకాలంలో నడవగల పీహెచ్‌పీ ప్రక్రియల సంఖ్యకు ఉన్న హద్దు చేరగానే, కొత్తగా వచ్చినవారికి పుటకు బదులు ఎదురుచూపో, లోపసందేశమో మిగులుతుంది. పాఠకుల సంఖ్య ఏమాత్రం పెరగకుండానే, ఒక్క క్వెరీ నెమ్మదించినందువల్ల ఈ స్తంభన రావచ్చు. అనుసంధానాల హద్దును పెంచడం దీనికి మందు కాదు; పోటీపడే క్వెరీలు ఎక్కువై ఒక్కొక్కటి మరింత ఆలస్యమవుతుంది.

క్యాష్ చేయగలిగినది, చేయలేనిది

ఒకసారి తయారైన ఫలితాన్ని దాచి, మళ్లీ అడిగినప్పుడు అదే అందించే ఏర్పాటును క్యాష్ అంటారు. తయారైన పుటనంతటినీ దాచేది పేజీ క్యాష్. క్వెరీల ఫలితాలను రెడిస్, మెమ్‌క్యాష్‌డ్ వంటి జ్ఞాపక నిల్వలలో దాచేది ఆబ్జెక్ట్ క్యాష్. అందరికీ ఒకేలా కనిపించే వార్తా వ్యాసాలకు పేజీ క్యాష్ అపారమైన మేలు చేస్తుంది. కానీ లాగిన్ అయిన సభ్యుడికి, వస్తువులు ఎంచుకుంటున్న కొనుగోలుదారుకు, కొత్త మాటను వెతికే పాఠకుడికి సిద్ధంగా ఉన్న పుట పనికిరాదు. వారి కోరికలన్నీ నేరుగా డేటాబేస్‌నే చేరతాయి. క్యాష్ గడువు తీరిన క్షణంలో వందలమంది ఒకేసారి వస్తే, అందరి కోసమూ అదే బరువైన క్వెరీ ఏకకాలంలో నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోనే అంతర్భాగంగా ఉండిన క్వెరీ క్యాష్‌ను 8.0లో తొలగించారన్నది గమనార్హం. పట్టికలో ఒక్క వరుస మారినా ఆ పట్టికకు సంబంధించి దాచిన ఫలితాలన్నీ చెల్లకుండా పోయేవి. పైగా ఆ దాచిన నిల్వ కోసం జరిగే పోటీయే పెద్ద సర్వర్లలో ఆటంకంగా మారింది. కాబట్టి బరువైన క్వెరీని సరిదిద్దిన తరువాత చేర్చిన క్యాష్ సైటుకు బలమవుతుంది. సరిదిద్దకుండా చేర్చినది లోపాన్ని కనబడకుండా కప్పి ఉంచుతుంది.

సరిదిద్దే క్రమశిక్షణ

మార్పులకు ముందు పూర్తి బ్యాకప్ తీసి, దానిని మరొక చోట పునరుద్ధరించి సరిచూడాలి. అసలు సైటులో ఉన్నంత సమాచారంతోనే పరీక్షా నకలును నడపాలి, ఎందుకంటే వంద వరుసలున్న పట్టికలో ప్రతి క్వెరీ వేగంగానే ఉంటుంది. ఒకసారికి ఒక మార్పే చేసి, చదివిన వరుసల సంఖ్య తగ్గిందా అని మళ్లీ కొలవాలి. ఒకేసారి ఐదు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎన్నటికీ తెలియదు. ఇండెక్స్‌లను కూడా అవసరం మేరకే చేర్చాలి, ఎందుకంటే కొత్త వరుస రాసిన ప్రతిసారీ ఆ పట్టిక మీది ఇండెక్స్‌లన్నిటినీ మార్చవలసి వస్తుంది. ఫలితం రాని మార్పును వెనక్కు తీసుకోవడం కూడా ఈ క్రమశిక్షణలో భాగమే.

ఇందుకు కావలసిన పరికరాలలో కొన్ని డేటాబేస్‌లోనే ఉన్నాయి, మిగిలినవి ఉచితంగా దొరుకుతాయి. పెద్ద సంస్థకు ఎంత అందుబాటులో ఉన్నాయో, ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న తెలుగు పత్రికకూ అంతే అందుబాటులో ఉన్నాయి. నెలకు ఒకసారి స్లో క్వెరీ లాగ్‌ను తెరిచి, చదివిన వరుసలకూ ఇచ్చిన వరుసలకూ మధ్య ఎడం ఎక్కడ పెరుగుతున్నదో చూసే అలవాటు ఉన్నవారికి మందగమనం ముందుగానే కనిపిస్తుంది. సర్వర్‌ను పెంచాలా వద్దా అన్న నిర్ణయం కూడా అప్పుడు ఆధారం మీద నిలుస్తుంది: ప్రతి క్వెరీ చదవవలసినంతే చదువుతూ కూడా యంత్రం అలసిపోతున్నదని లెక్కలు చూపినప్పుడు పెద్ద సర్వర్‌కు పెట్టే ఖర్చు సమంజసమైనది.